నగరం కంటే ముందు పుట్టిన వంతెన

హైదరాబాద్ అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది చార్మినార్. ఆ తర్వాత మక్కా మసీదు, గోల్కొండ కోట, సాలార్‌జంగ్ మ్యూజియం. ఊరు చూడటానికి వచ్చిన చుట్టాలను మనం తిప్పి చూపించేది కూడా వీటినే. ఈ వరుసలో పురానాపూల్ పేరు చెప్పేవారు అరుదు. కార్వాన్‌కో, జియాగూడకో పోయేటప్పుడు దాని పక్కనుంచే పోతాం. కింద పారే మూసీ వాసనకు ముక్కు మూసుకుని త్వరత్వరగా దాటిపోతాం. ఆ రాతి కమానుల వైపు తల తిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

అయితే ఒక్క సంగతి గుర్తు చేసుకుందాం. చార్మినార్ కట్టింది 1591లో. పురానాపూల్ పూర్తయింది 1578లో, హిజ్రీ లెక్కన 986లో. అంటే హైదరాబాద్ నగరం పుట్టడానికి పదమూడేళ్ల ముందే ఈ వంతెన ఉంది. నగరం ఏర్పడ్డాక దానికోసం వంతెన కట్టడం లోకంలో మామూలే. ఇక్కడ మాత్రం ముందు వంతెన వచ్చింది, తర్వాత నగరం వచ్చింది. దాదాపు నాలుగున్నర శతాబ్దాల వయసున్న ఈ కట్టడం గురించి మనకు తెలిసింది ఒక ప్రేమకథ మాత్రమే. తెలియవలసింది అంతకంటే చాలా ఉంది.

కట్టించినవాడు మల్కిభరాముడు

పురానాపూల్ కట్టించింది గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా. ఆయన జీవితమే ఒక పెద్ద కథ. తండ్రి సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. సింహాసనం ఎక్కిన అన్న జంషీద్ వల్ల తన ప్రాణానికి ముప్పు ఉందని గ్రహించిన ఇబ్రహీం ముందు బీదర్‌కు, అక్కడినుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. తెలుగు భాష మీద ఆయనకు మక్కువ బలపడింది అక్కడే. 1550లో గోల్కొండకు తిరిగివచ్చి గద్దె ఎక్కాడు.

తెలుగు కవులు ఆయనను ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితం ఇచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో ‘యయాతి చరిత్ర’ రాసి అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఇబ్రహీం చింతలపాలెం గ్రామాన్ని దానం చేశాడు.

అయితే ఇబ్రహీం కవిపోషకుడు మాత్రమే కాదు. కట్టించడం తెలిసిన పాలకుడు. గోల్కొండ కోట గోడలు బలపడింది ఆయన కాలంలోనే. హుస్సేన్‌సాగర్ తవ్వకం ఆయన ఏలుబడిలోనే జరిగింది. ఆ పనిని నడిపించిన హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరే ఆ చెరువుకు నిలిచింది. ఇబ్రహీంపట్నం చెరువు ఈనాటికీ సుల్తాన్ పేరుతోనే ఉంది. చెరువు, కోట, వంతెన. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆయన ఆలోచన ఎటు సాగిందో అర్థమవుతుంది. బావి తవ్వించడం, సరాయి కట్టించడం, నదిమీద వంతెన వేయించడం వంటి పనులను ముస్లిం సమాజాలు సదఖా-ఎ-జారియాగా, అంటే చేసినవారు పోయాక కూడా ఫలం ఆగని దానంగా భావిస్తూ వచ్చాయి. ఆ దృష్టితో చూసినా పురానాపూల్ స్థానం పెద్దదే. వంతెన పూర్తయిన రెండేళ్లకే, 1580లో ఇబ్రహీం కన్నుమూశాడు. ఆ బాట మాత్రం ఆగలేదు.

ప్రేమకథకు లెక్క కుదరదు

పురానాపూల్ అసలు పేరు ‘ప్యారానా పూల్’ అనీ, అది ప్రేమ వంతెన అనీ చెప్పేవారు మనలో ఎందరో ఉన్నారు. కథ అందరికీ తెలిసిందే. యువరాజు మహమ్మద్ కులీకి మూసీ అవతలి చించలం గ్రామంలోని భాగమతి మీద మనసు పడింది. ఒక రాత్రి నది పొంగి పారుతున్నా లెక్కచేయక గుర్రాన్ని నీళ్లలోకి దూకించి ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆ సంగతి విన్న తండ్రి ఇబ్రహీం, కొడుకు ప్రాణం మీద ప్రేమతో నదిమీద వంతెన కట్టించాడు.

కథ అందంగానే ఉంది. లెక్క మాత్రం కుదరదు. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయిన 1578 నాటికి ఆయనకు పదమూడేళ్లు. ఇంత పెద్ద రాతి వంతెన ఒక్క వేసవిలో లేచి నిలబడదు. పునాదులకే ఒకటి రెండేళ్లు కావాలి. ఆ లెక్కన పని మొదలయ్యేనాటికి యువరాజు ఇంకా చిన్నపిల్లవాడు. వరద నదిని గుర్రంపై దాటే ప్రేమికుడు కాగల వయసు కాదది.

భాగమతి అసలు ఉన్నదా లేదా అన్నది వేరే చర్చ. అక్బర్ పాదుషా రాయబారిగా దక్కన్‌కు వచ్చిన ఫైజీ, చరిత్రకారుడు ఫెరిష్తా ఆమెను ప్రస్తావించారు. కుతుబ్‌షాహీల చరిత్రను లోతుగా పరిశోధించిన హారూన్ ఖాన్ షేర్వానీ ఆమె కల్పితమని వాదించారు. నరేంద్ర లూథర్ ఆమె నిజమేనని వాదించారు. ఈ పండితుల వాదంలో ఎవరు గెలిచినా వంతెన తేదీ మారదు. భాగమతి నిజంగా ఉన్నా సరే, ఈ వంతెన ఆమె కోసం కట్టింది కాదు.

కథ చెప్పుకుంటే వచ్చే నష్టమేమిటని కొందరు అడగవచ్చు. ఒక నష్టం ఉంది. కథ చెప్పినప్పుడల్లా వంతెన ఒక కుర్రవాడి సరదాకు తండ్రి చేసిన ఖర్చుగా మిగిలిపోతుంది. దాని వెనుక ఉన్న ముందుచూపు కనబడకుండా పోతుంది. కట్టించినవాడి పేరు కూడా జనం నోట రాదు.

అసలు అవసరం ఏమిటి?

గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. రాజ్యానికి సముద్రం దారి మచిలీపట్నం రేవు. పర్షియాతో, అరబ్బు దేశాలతో, తూర్పు దీవులతో వర్తకం సాగింది ఆ రేవు గుండానే. గోల్కొండ నుంచి తూర్పుగా రేవుకు పోవాలంటే మూసీని దాటి దక్షిణపు ఒడ్డుకు రావాలి. వేసవిలో మూసీ దాటడం కష్టం కాదు. వానాకాలంలో మాత్రం అనంతగిరి కొండల నీళ్లన్నీ మూసీలోకి, అటు ఈసీలోకి చేరి, నగరానికి పైన రెండు నదులూ కలిసిపోయి దిగుతాయి. ఆ కలయికకు దిగువనే పురానాపూల్ ఉంది. అలాంటప్పుడు ఎడ్లబండ్లు, ఒంటెలు, సైన్యం, టపా అన్నీ ఒడ్డునే ఆగిపోవలసిందే. రాజధాని రోజుల తరబడి సగం దేశంతో తెగిపోయేది.

దీనికి తోడు కోటలో జనం కిక్కిరిసిపోయారు. నీటికి కొరత, గాలికి కొరత. విస్తరించడానికి చోటు కావాలి. దక్షిణపు ఒడ్డున విశాలమైన మైదానం ఉంది. కానీ అక్కడ స్థిరపడేవారు ఏడాది పొడవునా కోటకు వచ్చిపోగలగాలి. వంతెన ఆ భరోసా ఇచ్చింది. పదమూడేళ్ల తర్వాత మహమ్మద్ కులీ, ఆయన మంత్రి మీర్ మోమిన్ కలిసి ఆ మైదానంలో కొత్త నగరానికి నక్షా గీసినప్పుడు, చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు తీశారు. పడమటి బాట నేటి లాడ్‌బజార్, హుస్సేనీ ఆలం మీదుగా ఈ వంతెనకే చేరుతుంది. అక్కడినుంచి కార్వాన్ మీదుగా గోల్కొండకు.

ఆ దారి పొడవునా వర్తకం పెరిగింది. కార్వాన్ వజ్రాల బజారుగా పేరు పొందింది. 1671లో మూసాఖాన్ మహల్దార్ కట్టించిన టోలీ మసీదు ఆ బాటలోనే ఉంది. కుతుబ్‌షాహీల కొలువులో పెద్ద హోదాకు ఎదిగిన ఆఫ్రికా జాతీయుడు మియాన్ ముష్క్ కట్టించిన మసీదు కూడా వంతెనకు దగ్గరలోనే ఉంది. ఒక్క వంతెన నదికి రెండు వైపులా ఎంత జీవనాన్ని పోగుచేసిందో ఈ కట్టడాలే సాక్ష్యం.

రాయి రాయిని మోసే విద్య

పురానాపూల్ పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు. నదీగర్భం నుంచి ఎత్తు 54 అడుగులు. మొత్తం 22 కమానులు. 35 అడుగుల వెడల్పు అంటే ఎదురెదురుగా వచ్చే బండ్ల వరుసలు ఆగకుండా సాగిపోవచ్చు. పదహారో శతాబ్దంలో అంత వెడల్పు పెట్టారంటే ఆనాటి రద్దీని, రాబోయే రద్దీని కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

ఇందులో ఇనుప కడ్డీ లేదు, సిమెంటు లేదు. ఉన్నది మన నేల రాయి, గానుగలో నూరిన సున్నం. అయినా ఎలా నిలిచింది? రాయి గుణం తెలిస్తే ఇది అర్థమవుతుంది. రాతిని ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. వంచబోతే మాత్రం విరుగుతుంది. పొడవాటి బండను రెండు దిమ్మల మీద అడ్డంగా పరిచి దానిపై బరువు వేస్తే అది నడిమికి విరుగుతుంది. అదే చిన్న చిన్న రాళ్లను కమానుగా పేర్చితే, పైనుంచి పడ్డ బరువు ఒక రాయి నుంచి పక్క రాయికి నొక్కుడుగా మారి, రెండు వైపులా దిమ్మల్లోకి, అక్కడినుంచి నేలలోకి దిగిపోతుంది. ముందుగా చెక్కతో అచ్చు కట్టి, రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయిని బిగించాక అచ్చు తీసేస్తారు. ఆ తర్వాత బరువు పెరిగేకొద్దీ రాళ్లు మరింత బిగుసుకుంటాయి. గుర్రాల డెక్కలకూ, ఏనుగుల అడుగులకూ అలవాటుపడ్డ ఈ వంతెన, తర్వాత మోటారు బండ్లను కూడా చాలా ఏళ్లు మోసింది ఈ విద్య వల్లనే.

సున్నానికి ఇంకో గుణం ఉంది. సిమెంటులా అది బిర్రుగా ఉండదు. ఎండకు రాయి వ్యాకోచించినా, చలికి కుంచించుకున్నా కొద్దిగా సర్దుకుంటుంది. రాతిలోకి చేరిన తడిని బయటికి వదిలేస్తుంది. ఈ సంగతి మరమ్మతుల దగ్గర మళ్లీ చెప్పుకుందాం.

పారిస్ వంతెనతో పోలిక

పదిహేడో శతాబ్దంలో వజ్రాల వేటలో పలుమార్లు గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెన మీదుగానే నగరంలో అడుగుపెట్టాడు. ఆయన యాత్రా గ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయింది. అందులో ఆయన ఈ రాతి వంతెనను పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనతో పోల్చి, అందంలో దానికి పెద్దగా తీసిపోదని మెచ్చుకున్నాడు. వంతెన దాటగానే రాజభవనం వైపు సాగే విశాలమైన వీధి ఎదురవుతుందనీ రాశాడు. నగరంలోకి వచ్చేవారిని ద్వారం దగ్గర ఆపి, దరోగాకు కబురు పంపి, అనుమతి వచ్చేదాకా నిలబెట్టేవారట. మూటల్లో ఉప్పు, పొగాకు దాచారేమోనని సోదా చేసేవారట. ఆ రెండింటి మీద సర్కారుకు వచ్చే రాబడి అంత పెద్దది.

ఈ పోలికలో టావెర్నియే గమనించని చిత్రం ఒకటి ఉంది. పారిస్‌లో పాంట్ నెఫ్‌కు శంకుస్థాపన జరిగింది 1578లో. అంటే సీన్ నదిమీద ఫ్రెంచి రాజు మొదటి రాయి వేసిన ఏడే మూసీ మీద మన వంతెన పూర్తయింది. పాంట్ నెఫ్ పని 1607 దాకా సాగింది. ఆ పేరుకు అర్థం ‘కొత్త వంతెన’. ఇప్పుడు పారిస్‌లో నిలిచి ఉన్న వంతెనల్లో అదే అన్నింటికంటే పాతది. పేరు మాత్రం ఇంకా కొత్తదే. మన వంతెనకు ‘పాతది’ అన్న పేరు స్థిరపడింది. పారిస్ వారు ఆ వంతెనను తమ ఊరి గౌరవంగా చూసుకుంటున్నారు. మనం ఎలా చూసుకుంటున్నామో వేరే చెప్పనక్కరలేదు.

‘పురానా’ అన్న పేరు నిలిచింది తర్వాతి వంతెనల వల్ల. రెండున్నర శతాబ్దాలకు పైగా మూసీ మీద నగరానికి ఆధారం ఈ వంతెనే. 1831లో బ్రిటిష్ అధికారి ఆలిఫాంట్ పేరుతో చాదర్‌ఘాట్ వంతెన వచ్చింది. అఫ్జలుద్దౌలా నిజాం కాలంలో నయాపూల్ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర ముసల్లంజంగ్ పూల్ వచ్చింది. కొత్తపూల్ వచ్చింది కనుక పాతది పురానాపూల్ అయింది. ఆ నడుమ నగరానికి కోటగోడ కట్టారు. మొఘల్ సుబేదార్ ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి ఆసఫ్‌జా పూర్తిచేయించిన ఆ గోడకు ఉన్న పెద్ద దర్వాజాలలో ఈనాడు మిగిలినవి రెండే. ఒకటి దబీర్‌పురా దర్వాజా. రెండోది వంతెన కొసన నిలిచిన పురానాపూల్ దర్వాజా.

తుగ్యానీ నాటి పరీక్ష

మూసీ ఈ వంతెనను చాలాసార్లు పరీక్షించింది. 1820 వరదలో దెబ్బతింటే సికందర్‌జా నవాబు బాగు చేయించాడు. అన్నింటికంటే పెద్ద పరీక్ష 1908లో వచ్చింది.

హిజ్రీ 1326, రంజాన్ నెల మొదలైన రోజులవి. సెప్టెంబరు 27 రాత్రి కుండపోత. ఎగువన చెరువుల కట్టలు ఒకదాని వెంట ఒకటి తెగాయి. 28 తెల్లవారేసరికి మూసీ అఫ్జల్‌గంజ్ వీధుల్లోకి వచ్చింది. వృద్ధులు ఇప్పటికీ ‘తుగ్యానీ’ అని చెప్పుకునే ఆ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ల ఎదుటే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆ కుటుంబంలో మిగిలింది ఆయన ఒక్కరే. ఆ తర్వాత జీవితమంతా రుబాయీలు రాశారు.

నదిమీది మిగిలిన మూడు వంతెనలూ ఆ వరద ధాటికి తెగిపోయాయి. వాటిలో అతి పాతది ఎనభై ఏళ్లది కూడా కాదు. మూడు వందల ముప్పై ఏళ్ల పురానాపూల్ దెబ్బలు తిని కూడా నిలబడింది. కొన్నాళ్లపాటు రెండు తీరాలనూ కలిపిన దారి ఇదొక్కటే. తిండి గింజలు దాటాలన్నా, అవతలి ఒడ్డున అయినవారు బతికి ఉన్నారో లేదో వెతకాలన్నా ఈ కమానుల మీదుగానే. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన మహళ్ల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు చోటిచ్చారు. తర్వాత వంతెనకు మరమ్మతులు జరిగాయి. ఇంకో వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. నేటికీ మన కుళాయిలకు కొంత నీళ్లిస్తున్న ఆ రెండు చెరువుల వెనుక ఆనాటి రంజాన్ వరద ఉంది.

ఇప్పటి స్థితి

పక్కనే కొత్త వంతెన వచ్చాక పాత వంతెన మీద బండ్ల రాకపోకలు నిలిచిపోయాయి. దానిమీద కూరగాయల బజారు వెలిసింది. టమాటాలు, కొత్తిమీర, మునగకాడలు పరుచుకుని ఏళ్లుగా ఎందరో పేదలు, అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్లు పొట్టపోసుకున్నారు. ఇందులో తప్పు పట్టవలసింది మాకు కనిపించదు. వర్తకం కోసం కట్టిన వంతెన మీద వర్తకం జరగడం దాని స్వభావానికి తగినదే. లారీల అదురు తప్పడం కట్టడానికి కూడా మంచిదే.

ముప్పు వేరే వైపు నుంచి ఉంది. పాత రాతి కట్టడాలన్నింటికీ శత్రువు రావి మొక్క. పిట్ట వేసిన గింజ రాళ్ల సందున మొలిచి, వేరు లావైనకొద్దీ రాళ్లను విడదీస్తుంది. పై కొమ్మ నరికి ఊరుకుంటే వేరు లోపల పెరుగుతూనే ఉంటుంది. రెండో శత్రువు తొందరపాటు మరమ్మతు. సున్నం రాలిన చోట సిమెంటు మెత్తితే చూడటానికి గట్టిగా కనిపిస్తుంది. కానీ తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపల రాయి, పాత సున్నం పాడవుతాయి. మూడోది చెత్త. కమానుల కింద చెత్త పేరుకుపోతే వరదనీరు పారే దారి ఇరుకై, ఆ ఒత్తిడి దిమ్మల మొదళ్లను తవ్వేస్తుంది. రాతి వంతెనలు కూలేది చాలావరకు పైబరువు వల్ల కాదు, పునాది కోత వల్ల.

వరదలు గతించిన కథ అనుకోవడానికి కూడా లేదు. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఆవరణలోకి వచ్చింది. దసరాకు ఊళ్లకు పోయేందుకు వచ్చిన ప్రయాణికులు అక్కడ చిక్కుకుపోయారు. నది తన దారిని మరచిపోలేదు. ఆ దారిలో ఏం అడ్డం పెడుతున్నామో మరచిపోతున్నది మనమే.

మనం చేయగలిగినది

మూసీ ప్రక్షాళన గురించి, నదీతీరం అభివృద్ధి గురించి ప్రభుత్వాలు ఏళ్లుగా పథకాలు వేస్తున్నాయి. ఆ పథకాల్లో తీరాన బతికే పేదల గూడు ఎంత ముఖ్యమో, ఈ వంతెన రక్షణ కూడా అంత స్పష్టంగా ఉండాలి. మేము కోరేవి పెద్ద కోరికలు కావు. ఏటా వానలకు ముందు రాళ్ల సందుల్లోని మొక్కలను వేళ్లతో సహా తీయించాలి. కమానుల కింద చెత్త ఎత్తించాలి. దిమ్మల మొదళ్లను పరీక్షించాలి. మరమ్మతు చేసినప్పుడు సిమెంటు బదులు సున్నమే వాడించాలి. వంతెన మొదట ఒక రాతి ఫలకం పెట్టి, దానిపై తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోనూ కట్టించిన ఏడు, కట్టించిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు, 1908లో అది నిలిచిన సంగతి రాయించాలి.

ఇవి సర్కారు చేయవలసినవి. మన వంతు కూడా ఉంది. బాటలోని ముల్లును, రాయిని తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనని ప్రవక్త (స) బోధించిన సంగతి మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. పురానాపూల్ పరిసరాల్లో ఉండేవారు వంతెన మీదినుంచి చెత్త సంచి మూసీలోకి విసరకుండా ఉంటే అది ఆ బోధను పాటించడమే. బడిపిల్లలను చార్మినార్‌కు తీసుకుపోయే ఉపాధ్యాయులు లాడ్‌బజార్ దగ్గర ఆగిపోకుండా అదే బాటలో ఇంకాస్త ముందుకు, పురానాపూల్ దాకా నడిపిస్తే, హైదరాబాద్ ఎక్కడినుంచి మొదలైందో పిల్లలు కళ్లారా చూస్తారు. ఇంటికి వెళ్లాక వాళ్లు అమ్మానాన్నలకు చెప్పేది ప్రేమకథ కాకపోవచ్చు. తెలుగు కవులు మెచ్చిన ఒక సుల్తాన్ వేసిన బాట గురించి, మూడు వంతెనలు తెగిన రోజున తెగకుండా నిలిచిన ఇరవై రెండు కమానుల గురించి చెబుతారు.